నాలుగో యాక్సిస్ మీ చేయే: త్రీ యాక్సిస్ మెషిన్ మీద జాబ్ తిప్పుకుంటూ అన్ని వైపులా మిల్లింగ్ చేయడం ఎలా

25 మిల్లీమీటర్ల రౌండ్ బార్ ఉంది. దాని చివర 30 మిల్లీమీటర్ల పొడవున 17 మిల్లీమీటర్ల చదరం రావాలి. ఒక ఫ్లాట్ మీద చిన్న పాకెట్, పక్క ఫ్లాట్ మీద రెండు ట్యాప్ హోల్స్, పాకెట్ అడుగు నుంచి ఎదుటి ఫ్లాట్ దాకా పూర్తిగా దూసుకుపోయే 6 మిల్లీమీటర్ల రంధ్రం, నాలుగో ఫ్లాట్ మీద ఒక స్లాట్. మీ వీఎంసీకి (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్) ఎక్స్, వై, జెడ్ తప్ప ఇంకేం కదలవు. టేబుల్ మీద చేత్తో తిప్పే ఇండెక్సర్ (జాబ్‌ని కావాల్సిన కోణానికి తిప్పి ఆపే పరికరం) ఒకటి బిగించి ఉంది. అది డివైడింగ్ హెడ్ కావచ్చు, స్పిన్ ఇండెక్సర్ కావచ్చు, వైస్‌లో పట్టే చదరపు కాలెట్ బ్లాక్ కావచ్చు (కాలెట్ అంటే బార్‌ని చుట్టూ నొక్కి పట్టే గొట్టం). ప్రోగ్రామ్ రాసే పద్ధతి అన్నిటికీ దాదాపు ఒకటే.

ఇలాంటి డ్రాయింగ్ చూడగానే నాలుగు వైపులు కాబట్టి నాలుగు ఆఫ్‌సెట్లు (జీరో ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే విలువలు) అనుకుంటాం. నేనూ మొదట్లో అలాగే చేశాను. ఒక్కో వైపు తిప్పడం, పైభాగాన్ని తాకించి జెడ్ జీరో పట్టడం, అంచు వెతికి వై జీరో పట్టడం. రెండో వైపుకి వచ్చేసరికి నేను అంచు పట్టాల్సిన చోటు అప్పటికే కట్ అయిపోయి ఉండేది, మిగతాది ఇంకా రౌండుగానే ఉండేది. నాలుగు జీరోలకి నాలుగు చిన్న తప్పులు పడి, చివరికి చదరం కాస్తా చదరం కాకుండా పోయేది.

దీనికి మందు ఒకటే. జీరో జాబ్ మీద పెట్టకండి. జాబ్ ఏ ఇరుసు చుట్టూ తిరుగుతోందో ఆ ఇరుసు మీద పెట్టండి. జాబ్ ఎంత తిప్పినా, ఎంత కట్ చేసినా ఇరుసు కదలదు. వై జీరో, జెడ్ జీరో రెండూ ఇరుసు మీద ఉంటే నాలుగు వైపులకీ ఒక్క జీ54, అంటే ఒకే వర్క్ ఆఫ్‌సెట్ చాలు. చదరం ఫ్లాట్ ఏ వైపైనా జెడ్ 8.5 దగ్గరే వస్తుంది, ఎందుకంటే 17లో సగం 8.5. షట్కోణమైనా ఇదే లెక్క.

ముందు ఇరుసుని పట్టుకోండి

ఇండెక్సర్‌ని టేబుల్ ఎడమ చివర, దాని ఇరుసు ఎక్స్ వెంట ఉండేలా బిగించండి. కాలెట్‌లో గ్రైండ్ చేసిన 20 మిల్లీమీటర్ల పిన్ పట్టండి, బయటికి 80, 100 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. డయల్‌ని (చిన్న తేడాల్ని ముల్లుతో చూపే గేజ్) స్పిండిల్‌కి తగిలించి మూడు పరీక్షలు ఈ వరసలోనే చేయండి.

మొదటిది, పిన్ పైన డయల్ ఆనించి ఇండెక్సర్‌ని ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఎంత ఊగుతోందో అది రనౌట్. ఎక్కువగా ఉంటే కాలెట్‌లో చెత్త ఉందేమో చూడండి, చాలాసార్లు అదే. రెండోది, పిన్ పైన ఎక్స్ వెంట డయల్‌ని నడిపించండి. చివరికి వెళ్ళేకొద్దీ పైకో కిందికో పోతుంటే ఇండెక్సర్ తల ఎత్తినట్టు, లేదా వంచినట్టు. మూడోది, పిన్ పక్కన ఆనించి అదే ఎక్స్ వెంట నడిపించండి. అది తేడా చూపిస్తే ఇండెక్సర్ టేబుల్‌కి సమాంతరంగా లేదు. రనౌట్ చూడకుండా మిగతా రెండూ చేస్తే వంకర పిన్‌ని చూసి ఇండెక్సర్‌ని సర్దుతూ కూర్చుంటారు.

వై జీరో తేలిక. ఎడ్జ్ ఫైండర్‌ని పిన్ ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి తాకించి సగం చేయండి. రెండు వైపులా తాకిస్తున్నాం కాబట్టి ఫైండర్ మొన వ్యాసం లెక్కలోకే రాదు. జెడ్‌కి, పిన్ పైభాగం ఇరుసు నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందని తెలుసు కదా. టూల్ అక్కడ తాకినప్పుడు పొజిషన్ 10.000 చూపించేలా జీ54లో జెడ్ విలువ పెట్టండి. రనౌట్ కొంచెం మిగిలి ఉంటే పిన్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ తాకించి సగటు తీసుకోండి. తర్వాతి టూల్స్ పొడవు కూడా ఇదే పిన్ మీదో, టేబుల్ మీద పెట్టిన ఒకే సెట్టర్ మీదో పట్టండి. ఒక టూల్‌ని జాబ్ పైన, ఇంకోదాన్ని పిన్ మీద తాకిస్తే తర్వాత వచ్చే గందరగోళాన్ని విప్పడం కష్టం.

ఎక్స్ జీరో మీ ఇష్టం. నేను జాబ్ బయటి చివర, అంటే కుడి చివర పెడతాను. అప్పుడు జాబ్ అంతా మైనస్ ఎక్స్‌లో ఉంటుంది. ఇది ఎందుకు పనికొస్తుందో కిందికి వెళ్తే తెలుస్తుంది.

క్యామ్‌లో ఏం చేయాలి

క్యామ్ అంటే టూల్ దారి లెక్కేసి ప్రోగ్రామ్ రాసిపెట్టే సాఫ్ట్‌వేర్. అందులో ప్రతి వైపుకీ ఒక సెటప్ పెట్టండి. నాలుగు సెటప్‌ల ఆరిజిన్ ఒకే బిందువు కావాలి, అది ఇరుసు మీద, జాబ్ కుడి చివర ఉన్న బిందువు. మోడల్ గీసేటప్పుడే ఆ చోటు మోడల్ ఆరిజిన్ అయ్యేలా గీసుకుంటే ప్రతిసారీ వెతుక్కునే పని ఉండదు. ఎక్స్ దిశ నాలుగింటిలోనూ ఒకటే. మారేది జెడ్ (దాంతోపాటే వై కూడా), జెడ్ ఆ వైపు ఫ్లాట్‌కి నిటారుగా పైకి చూడాలి.

వర్క్ ఆఫ్‌సెట్ నంబర్ అన్నిటికీ ఒకటే ఉందో లేదో చూడండి. మాస్టర్‌క్యామ్‌లో ప్లేన్ ఆఫ్‌సెట్ మైనస్ 1 అని ఉంటే అది తనంతట తాను ప్రతి ప్లేన్‌కీ కొత్త ఆఫ్‌సెట్ ఇచ్చేస్తుంది. మీరు జీ54 ఒక్కటే సెట్ చేసి ఉంటారు, ప్రోగ్రామ్‌లో జీ55 వస్తుంది. అందులో పాత జాబ్ విలువలు ఏమున్నాయో ఎవరికి ఎరుక? అక్కడ 0 పెట్టండి. ఫ్యూజన్‌లో రెండో సెటప్ నుంచి స్టాక్‌ని ముందు సెటప్‌లో మిగిలిన స్టాక్‌గా తీసుకోండి. అప్పుడు సిమ్యులేషన్‌లో కట్టర్ ఖాళీ గాలిలో తిరగడం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. క్యామ్‌లో ఫ్లాట్‌ని ఎంచుకుని జెడ్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ ఎక్స్ దిశని తనే ఊహించుకుంటుంది. ఒక్కోసారి దాన్ని పూర్తిగా తిరగేసి పెడుతుంది. సిమ్యులేషన్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ జాబ్ కూడా తిరగబడే కనిపిస్తుంది. మెషిన్ మీద మాత్రం జాబ్‌ని పట్టే చక్ లేదా కాలెట్ ఎప్పుడూ ఎడమవైపే ఉంటుంది. పోస్ట్ చేశాక, అంటే క్యామ్ నుంచి ప్రోగ్రామ్ ఫైల్ తీశాక, దాన్ని తెరిచి ఎక్స్ విలువలు చూడండి. ఎక్స్ జీరో కుడి చివర ఉంది కాబట్టి కోతలన్నీ మైనస్‌లో ఉండాలి. కట్టర్ బయటి నుంచి లోపలికి వచ్చేటప్పుడు దాని సగం వ్యాసానికి కాస్త మించి ప్లస్‌లోకి పోవచ్చు. ఎక్స్ 25, ఎక్స్ 30 కనిపించిందంటే ఆ సెటప్ తలకిందులైందని అర్థం. అలాగే ఫ్లాట్ కోత ప్రతి వైపూ జెడ్ 8.5 దగ్గర ఉందో లేదో చూడండి. ఈ రెండు చూపులకి రెండు నిమిషాలు చాలు.

ఎటు తిప్పాలి

మొదటి వైపు పైన ఉన్నప్పుడు, మీకు ఎదురుగా కాక వెనకవైపు, మెషిన్ లోపలి దిక్కు చూస్తున్న ఫ్లాట్‌ని రెండో వైపు అనుకుందాం. అది పైకి రావాలంటే జాబ్ పైభాగం మీ వైపుకి దొర్లాలి. క్యామ్‌లో రెండో సెటప్ ఈ రెండో ఫ్లాట్‌కే కట్టారో లేదో చూసుకోండి. సుష్టంగా ఉండే జాబ్‌కి ఎటు తిప్పినా ఒకటే. మన జాబ్‌లో పాకెట్ ఒకవైపు, స్లాట్ ఒకవైపు ఉన్నాయి కాబట్టి దిశ తప్పితే అద్దంలో బొమ్మలాంటి జాబ్ వస్తుంది. 180 డిగ్రీల తిప్పుడుకి మాత్రం ఈ బెంగ లేదు.

‘ప్లస్ ఏ’, ‘మైనస్ ఏ’ (ఏ అంటే ఎక్స్ చుట్టూ తిరిగే యాక్సిస్) అన్న భాష నేను వాడను. టూల్ తిరుగుతుందా, జాబ్ తిరుగుతుందా అన్న దగ్గరే ఇద్దరు మనుషులు రెండు సమాధానాలు చెప్తారు. కామెంట్‌లో ‘పైభాగం ఆపరేటర్ వైపుకి, 2 పైకి రావాలి’ అని రాస్తాను. కంట్రోల్‌కి తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో రాయాలి, అంతే. కాలెట్ నోస్ మీద గానీ బార్ మీద కట్ కాని చోట గానీ మార్కర్‌తో 1, 2, 3, 4 వేయండి.

డివైడింగ్ హెడ్ అయితే క్రాంక్ లెక్క కూడా ప్రోగ్రామ్ పైనే కామెంట్‌గా పెట్టండి. మామూలు హెడ్‌లో నిష్పత్తి 40:1, అంటే క్రాంక్ ఒక చుట్టుకి జాబ్ 9 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు వైపులకి 10 చుట్లు, ఎనిమిదికి 5. ఆరుకి 6 చుట్లు, ఇంకో మూడింట రెండొంతులు, అంటే క్రాంక్ వెనక పళ్ళెం మీద 18 రంధ్రాల వరసలో 12 ఖాళీలు. ఖాళీలు 12 అంటే పిన్ ఉన్న రంధ్రంతో కలిపి 13 రంధ్రాలు. సెక్టార్ ఆర్మ్స్ (ఎన్ని ఖాళీలో గుర్తుపెట్టే రెండు ముళ్ళు) పెట్టేటప్పుడు కొత్తవాళ్ళు దాదాపుగా ఇక్కడే ఒకటి తప్పు లెక్కపెడతారు. రంధ్రం దాటిపోతే అక్కడినుంచి వెనక్కి లాగి ఆపకండి. బాగా వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే దిశలో వచ్చి పిన్ దించండి, లేకపోతే వార్మ్ గేర్‌లో ఉన్న సందు అంతా మీ కోణంలోకి వస్తుంది. తర్వాత స్పిండిల్ లాక్ బిగించడం మర్చిపోవద్దు. కోణంలో 0.1 డిగ్రీ తేడా 17 మిల్లీమీటర్ల వెడల్పు మీద 0.03 మిల్లీమీటర్లు అవుతుంది.

వైపు ముందా, టూల్ ముందా

ఐదు టూల్స్, నాలుగు వైపులు అనుకోండి. ఒక్కో టూల్‌తో నాలుగు వైపులూ ముగిస్తే 20 సార్లు తిప్పాలి. ఒక్కో వైపు అన్ని టూల్స్‌తో ముగిస్తే నాలుగుసార్లే. టూల్ మార్చేది మెషిన్, జాబ్ తిప్పేది మీరు. తప్పు ఎవరి చేతిలో జరుగుతుందో తెలుసు కాబట్టి వైపు ముందు. ఆటోమేటిక్ టూల్ ఛేంజర్ లేని మెషిన్ అయితే ఈ లెక్క మారుతుంది, అప్పుడు మీ జాబ్‌కి విడిగా లెక్కేసుకోండి. రఫింగ్‌లో చాలా మెటల్ పోయి జాబ్ వంగే రకమైతే రెండు చుట్లు వేయండి, మొదటి చుట్టు అన్ని వైపులా రఫింగ్, రెండో చుట్టు ఫినిషింగ్.

వరస 1, 2, 3, 4 కాకుండా 1, 3, 2, 4 అయితే నాకు ఇష్టం. ఎదురెదురు వైపులు ముందు అయిపోతే రెండో కోత తర్వాతే మైక్రోమీటర్ పెట్టి 17 వచ్చిందో లేదో కొలవొచ్చు. నాలుగూ అయ్యాక కొలిచి తప్పు కనుక్కుంటే చేయగలిగింది ఏడవడం ఒక్కటే. ఈ వరసలో ఒక చిక్కు ఉంది, తిప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండదు. డివైడింగ్ హెడ్ మీద 1 నుంచి 3కి 20 చుట్లు, అదే దిశలో 3 నుంచి 2కి 30 చుట్లు, 2 నుంచి 4కి మళ్ళీ 20. కాబట్టి మెసేజ్‌లో ‘తర్వాతి వైపు’ అని కాకుండా ‘3 పైకి’ అని అంకెతోనే రాయాలి.

ఆపే చోటు ఎలా రాయాలి

ప్రతి వైపు చివర ఈ వరస ఉండాలి.

ఎం09
ఎం05
జీ91 జీ28 జెడ్0
జీ28 వై0
జీ90
ఎం00

ఎం09 కూలెంట్‌ని, ఎం05 స్పిండిల్‌ని ఆపుతాయి, జీ28 హోమ్‌కి పంపుతుంది, ఎం00 ప్రోగ్రామ్‌ని ఆపుతుంది. జెడ్ పూర్తిగా పైకి పోతుంది, చాలా వీఎంసీల్లో వై హోమ్‌కి వెళ్తే టేబుల్ మీ దగ్గరికి వస్తుంది, ఇండెక్సర్ చేతికి అందుతుంది. మీ మెషిన్‌లో వై హోమ్ ఎటు ఉందో, వెళ్ళేటప్పుడు ఏదైనా అడ్డం ఉందో ఒకసారి ఖాళీగా నడిపి చూడండి. స్పిండిల్, కూలెంట్ ఆపడాన్ని ఎం00కే వదిలేయకండి. కొన్ని మెషిన్లలో అది రెండిటినీ ఆపుతుంది, కొన్నిట్లో ఆపదు. అలాగే మళ్ళీ మొదలయ్యేటప్పుడు టూల్ నంబర్, జీ54, స్పిండిల్ స్పీడ్‌తో ఎం03, టూల్ పొడవుని లెక్కలోకి తెచ్చే జీ43తో హైట్ నంబర్, కూలెంట్‌కి ఎం08, అన్నీ కొత్తగా రాయించండి. ప్రతి వైపు మొదట, ముందు పని నుంచి మిగిలిన మోడ్‌లని మామూలు స్థితికి తెచ్చే జీ17 జీ21 జీ40 జీ49 జీ80 జీ90 లైన్ ఉండాలి. ఆ లైన్‌కి ఎన్100, ఎన్200 అని నంబర్ ఇస్తే మధ్యలో ఆగినా ఆ వైపు నుంచి తేలిగ్గా మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

ఎం00 బదులు ఎం01 ఎప్పుడూ వాడొద్దు. ప్యానెల్ మీద ఆప్షనల్ స్టాప్ బటన్ ఆఫ్‌లో ఉంటే మెషిన్ ఎం01 దగ్గర ఆగదు. మీరు తిప్పకముందే రెండో వైపు ప్రోగ్రామ్ మొదటి వైపు మీద పడుతుంది.

ఆగినా తప్పు జరగొచ్చు. ఒకసారి మూడు వైపులయ్యాక మెషిన్ ఆగి ఉంది, ఎవరో పిలిస్తే వెళ్ళి మాట్లాడి వచ్చాను. తిప్పానా, తిప్పలేదా? తిప్పాననే అనుకున్నాను. సైకిల్ స్టార్ట్ నొక్కాక నాలుగో వైపు స్లాట్ హాయిగా ట్యాప్ హోల్స్ మీదుగా పోయింది. అప్పటినుంచి, మ్యాక్రో ఉన్న ఫానుక్ కంట్రోల్ అయితే ఎం00 బదులు #3006=1 తో మెసేజ్ పెడతాను. మెషిన్ ఆగడమే కాక తెర మీద ‘4 పైకి, లాక్ చెయ్’ అనే అర్థం వచ్చే ముక్క కనిపిస్తుంది. 26 అక్షరాల లోపు ముగించాలి. హాస్‌లోనూ #3006 ఉంది. మెసేజ్ చదివి, పైన ఉన్న మార్కర్ అంకె చూసి, అప్పుడే బటన్ మీద వేలు పెట్టాలి. అంకె కనిపించకపోతే తుడిచి చూడాలి, ఊహించకూడదు.

నాలుగు వైపులా ఒకే పని ఉన్న జాబ్ అయితే, ఆ పనిని సబ్‌ప్రోగ్రామ్‌గా రాసి ఎం99తో ముగించి, మెయిన్ ప్రోగ్రామ్‌లో ఎం98తో నాలుగుసార్లు పిలిచి మధ్యలో ఎం00లు పెడితే సరి. ఫ్లాట్ లోతు మార్చాలంటే ఒకే చోట మార్చొచ్చు.

చక్ అనే గోడ

ఇరుసు మీద జీరో పెట్టినప్పుడు ఎత్తులన్నీ ఇరుసు నుంచే లెక్క. కాలెట్ బదులు 125 మిల్లీమీటర్ల చక్ వాడితే దాని పై అంచు జెడ్ 62.5. మీ ఫ్లాట్ జెడ్ 8.5. అంటే టూల్ హోల్డర్ పక్కన 54 మిల్లీమీటర్ల గోడ నిలబడి ఉంది. చక్ దగ్గరగా కట్ చేయాలంటే టూల్ పొడవుగా బయటికి ఉండాలి, లేదా జాబ్‌ని చక్ నుంచి ఇంకాస్త బయటికి లాగాలి. రెండిట్లోనూ గట్టితనం పోతుంది. ఇలాంటి చిన్న జాబ్‌కి కాలెట్ మేలు అనేది ఇందుకే. చక్‌ని, ఇండెక్సర్ బాడీని క్యామ్‌లో ఫిక్స్చర్‌గా పెట్టి హోల్డర్‌తో సహా సిమ్యులేట్ చేయండి. క్లియరెన్స్ ఎత్తు చక్ జాస్ పైన ఉండాలి. 12.5 ఎత్తున్న జాబ్ చూసి 20 పెడితే ర్యాపిడ్‌లో (కోయకుండా వేగంగా కదిలేటప్పుడు) తగులుతుంది.

దూసుకుపోయే రంధ్రానికి ఇంకో మాట. పాకెట్ వైపు నుంచే డ్రిల్‌ని పూర్తిగా పంపాలంటే దాని మొన మైనస్ 8.5 దాటి, ఇంకా మొన కోణం పొడవు కూడా పోవాలి. ఆ కింద కాలెట్ బ్లాక్ గానీ వైస్ గానీ లేదని చూసుకోండి. రెండు వైపుల నుంచి సగం సగం వేస్తే మధ్యలో రెండూ ఎంత సరిగ్గా కలుస్తాయో అదే మీ వై జీరోకి పరీక్ష.

మొదటి ముక్క, తప్పుని చదవడం

మొదట అల్యూమినియం ముక్కో ప్లాస్టిక్ బారో పెట్టి, సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైన్‌కి ఆగే మోడ్), ర్యాపిడ్ తగ్గించి నడపండి. ఒకటి, మూడు వైపుల ఫ్లాట్లు అయ్యాక కొలవండి. 17.00 రావాల్సింది 17.06 వచ్చిందనుకోండి. ఒక్కో వైపు 0.03 ఎక్కువ మిగిలింది, టూల్ అంత ఎత్తులో నడిచింది. ఈ తప్పు ఆ ఒక్క టూల్ పొడవులో ఉందా, జీ54లోనా? ఇంకో టూల్‌తో చిన్న కోత వేసి కొలిస్తే తెలుస్తుంది. రెండిటికీ అదే తేడా ఉంటే జీ54లో జెడ్‌ని 0.03 కిందికి దించండి.

నాలుగు ఫ్లాట్లూ అయ్యాక మొదటి వైపు పైకి తెచ్చి, వై జీరో మీద 4 మిల్లీమీటర్ల స్లాట్ ఒకటి పైపైన వేయండి. స్లాట్‌కి రెండు పక్కలా 6.5 చొప్పున మిగలాలి. మీ వైపు 6.45, వెనకవైపు 6.55 వస్తే స్లాట్ మీ వైపుకి 0.05 జరిగింది, జీ54లో వై విలువకి ప్లస్ 0.05 కలపండి. కట్టర్ వ్యాసం కాస్త తేడాగా ఉన్నా ఈ పరీక్ష చెడదు, ఎందుకంటే మనం చూసేది రెండు పక్కల తేడానే.

జెడ్ తప్పు సైజుని మారుస్తుంది, చదరం మాత్రం ఇరుసు మీదే ఉంటుంది. వై తప్పు సైజుని ముట్టుకోదు, పాకెట్‌నీ రంధ్రాల్నీ పక్కకి జరుపుతుంది, పైగా ఎదుటి వైపు వ్యతిరేక దిశలో జరుపుతుంది. అందుకే 0.05 వై తప్పుకి రెండు వైపుల నుంచి వేసిన రంధ్రం మధ్యలో 0.1 మెట్టు కనిపిస్తుంది. కొలతల్లో ఏ రకం తేడా వచ్చిందో చూస్తే ఏ ఆఫ్‌సెట్ ముట్టుకోవాలో తెలిసిపోతుంది. ఎదుటి ఫ్లాట్ల మధ్య మందం ఒక అంచు దగ్గర ఒకలా, ఇంకో అంచు దగ్గర ఒకలా ఉంటే ఆఫ్‌సెట్లు వదిలేసి ఇండెక్సర్ పిన్, లాక్ చూడండి. కాలెట్ బ్లాక్ అయితే దాని ముఖాల మధ్య కోణం తేడా కావచ్చు, లేదా కింద చిప్ పడి ఉండొచ్చు.

ఇంక వరసగా ముక్కలు తీయడం. మధ్యలో కాలెట్ వదులు చేయకండి. నాలుగు వైపులూ ఒకే బిగింపులో అవ్వాలి, వదిలితే జాబ్ తిరగొచ్చు, బిగించేటప్పుడు 5సీ కాలెట్ జాబ్‌ని లోపలికి లాక్కుంటుంది కాబట్టి ఎక్స్ కూడా మారుతుంది. కొత్త ముక్క పెట్టినప్పుడు వై, జెడ్ ముట్టుకోనక్కర్లేదు. కాలెట్ లోపల స్టాప్ ఉంటే ఎక్స్‌లో మిగిలే కొద్ది తేడాకి బార్ చివర 0.5 అదనంగా ఉంచి, మొదటి వైపులోనే చివరని ఎండ్ మిల్ పక్కతో ఎక్స్ 0కి కట్ చేయండి. ప్రోగ్రామ్ చివర, ఎం30కి ముందు ఇంకో స్టాప్ పెట్టి ‘1 పైకి, తర్వాత జాబ్ తియ్యి’ అని రాయండి. లేదంటే రెండో ముక్క నాలుగో వైపు అంకె దగ్గర మొదలవుతుంది.